ఊపిరి తీసుకునే జాగ

పాట రాయడం నేర్చుకోవాలని ప్రతి ఆదివారం లక్సెట్టిపేట నుంచి కరీంనగర్‌కు బస్సెక్కేవాణ్ణి. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. తెలుగులో డిగ్రీ చేసి, జిరాక్స్ సెంటర్లో కూర్చుని జనానికి దరఖాస్తులు రాసిపెడుతూ, నాలో ఒక కవి వృథా అయిపోతున్నాడని నమ్మేవాణ్ణి. ఆ నమ్మకం గుర్తొస్తే ఇప్పుడు రోత పుడుతుంది.

మాకు పాఠం చెప్పే ఆయన యూట్యూబ్‌లో జానపద పాటలు తీసేవాడు. ఒక ఇంటి మీది అంతస్తులో ఆయన స్టూడియో. గదిలో కూర్చున్నా నల్ల కళ్లద్దాలు తీయడు. తన గురించి తానే 'మేము' అని చెప్పుకుంటాడు. సార్ అంటే పలికేవాడు కాదు, గురువుగారూ అనాలి. గోడకు ఒక చార్టు అంటించి, దాని మీద పిల్లా, బావా, కడవ, గజ్జెలు, మల్లెపూలు అంటూ ఇరవై మాటలు రాసిపెట్టాడు.

"గీ మాటలల్ల పది పడాలె. పడితే పాట అయినట్టే," అనేవాడు.

ఆయన బతుకులో కడవ ఎత్తిన పాపాన పోలేదు. అయినా మేం ఆరుగురం బుద్ధిగా రాసుకున్నాం. గురులఘువులు లెక్కపెట్టి పరీక్ష పాసైన నేనూ రాసుకున్నాను. అది పాఠం కాదని నాకు తెలుసు. కానీ మైకు ఆయన చేతిలో ఉంది.

మూడో నెలలో నాట్ల మీద ఒక పాట రాశాను. మాకు పొలం లేదు. బస్సు కిటికీలోంచి చూసిందే నాకు తెలిసిన నాటు. 'గలగల గాజుల చేతులతోటి నల్లని బురదలో పచ్చని బంగరు నారును నాటే నా రాణీ' అని మొదలు. మాటలు పది కాదు, పన్నెండు పడ్డాయని ఆయన వీపు తట్టాడు. వచ్చే ఆదివారమే రికార్డింగ్ అన్నాడు. వారమంతా నేను నేల మీద నడవలేదు.

పాడడానికి మందమర్రి నుంచి ఒకామె వచ్చింది. యాభై దాటిన మనిషి. వానాకాలం చుట్టుపక్కల ఊళ్లకు నాట్ల కూలికి పోతుందట, పెళ్లిళ్లలో పాడుతుందట. ఆమెకు చదువు రాదు కాబట్టి నేనే ఒక్కో లైను చదివి వినిపించాను, రాగం తీసి మరీ. ఆమె రెండుసార్లు విని, పాడటం మొదలుపెట్టి, మొదటి లైను మధ్యలోనే ఆగిపోయింది. మళ్లీ పాడింది. మళ్లీ అక్కడే ఆగింది. ఆయన విసుక్కున్నాడు. ఆమె ఆయన్ను పట్టించుకోకుండా నా వైపు తిరిగింది.

"బిడ్డా, నువ్వెప్పుడన్న నాటేసినవా?"

లేదన్నాను.

"నాటేసేటోళ్లు వంగి ఉంటరు. కడుపు ముడుచుకొని ఉంటది. గింత పొడుగు మాట ఒక్క దమ్ముల రాదు. ఊపిరి తీసుకునే జాగ పెట్టలే నువ్వు."

"రాసుడు మా పని. నువ్వు పాడు," అన్నాడాయన.

నేను నవ్వాను. ఆయన పక్షాన, ఆయనకు వినబడేలా నవ్వాను. ఆమె మంచినీళ్లు తాగి, ఆ లైనును ముక్కలు చేసి పాడి వెళ్లిపోయింది.

ఇంటికొచ్చాక తలుపు వేసుకుని, నడుం వంచి, చేతులు నేలకు ఆనించి నా పాట పాడి చూశాను. 'బంగరు' దగ్గరే దమ్ము అయిపోయింది. 'రాణీ' దాకా ఒక్కసారి కూడా చేరలేదు.

తర్వాత క్లాసుకు పోలేదు. నెల తిరగక ముందే పాట బయటికొచ్చింది, రచన అని ఆయన పేరుతో. నాతో చదివినవాడొకడు ఫోన్ చేసి, పోయి కొట్లాడుదాం పద అన్నాడు. వద్దన్నాను. అంత చెత్త నాదేనని నలుగురిలో నిరూపించుకునే సరదా నాకు లేదు.

ఆ వానాకాలం పొట్టి పొట్టి లైన్లు ఓ పద్దెనిమిది రాసుకుని మందమర్రి వెళ్లాను. ఆమె ఇంటి ముందు కూర్చుని ఎండుమిరపకాయల తొడిమెలు తీస్తోంది. ఆ రోజు నవ్వినందుకు తప్పయిందన్నాను. ఆమె తల ఊపి, చదువు అంది. చదివాను.

"రెండు మంచిగున్నయ్," అంది. "మిగిలినయి నువ్వు చదువుకున్నోనివని చెప్తున్నయ్, అంతే."

ఎలా బాగుచేయాలని అడిగాను. మిరపకాయల కుప్పలో సగం నా వైపు తోసి, పని చేసుకుంటూ ఆ రెండూ అనుకోమంది. నోట్లో వాటంతట అవే తిరగాలట. కళ్లు మండుతుంటే తుమ్ముకుంటూ, తొడిమెలు తీసుకుంటూ అనుకున్నాను. కుప్ప అయిపోయేసరికి రెండో లైనులోంచి ఒక మాట రాలిపోయింది. ఆ మాట లేకుండానే లైను బాగుంది.