పెట్టెను బతిమాలిన మా ఓనరుగారు

నా కొత్త హెల్మెట్ మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం.

కార్ఖానా అనే పేటలో మేం అద్దెకున్న ఇంటి ఓనరుగారికి వస్తువుల్ని బతిమాలే అలవాటుండేది. స్కూటరు మొరాయిస్తే, "జెర కోపం తగ్గించుకో బిడ్డా" అనేవారు.

ఆపరేషన్ తర్వాత వాళ్లావిడ గొంతు బొంగురుపోయింది. "పాట చెప్పలేనిదాన్ని, నేనెందుకు?" అంటూ ఆ ఏడు బతుకమ్మకు రానని మొండికేశారు. ఆయన ఊరుకోలేదు. కోడళ్లకు నేర్పడానికి ఆవిడ ఒకప్పుడు రికార్డు చేసిన పాటల్ని పెన్‌డ్రైవ్‌లో తెచ్చి, టీవీ పెట్టెకు గుచ్చారు. ఆ పెట్టె తన కంపెనీ ఒప్పుకున్నవి తప్ప ఇంకేవీ వినిపించదు. ఏ పాటనైనా వినిపించే, అందరికీ ఉచితంగా దొరికే మీడియా సెంటర్ యాప్ ఒకటి అందులో వేద్దామని నేను కూర్చున్నాను. పెట్టె దాన్నీ రానివ్వలేదు.

ఆయన పెట్టె మీద చెయ్యేసి, "మా ఇంటామె పాట బిడ్డా, జెర తాళం తియ్యి" అన్నారు. పెట్టె సిగ్గుపడి తాళం తీసింది.

పాట ఒక వరుస వినిపించి ఆగిపోయింది. హ్యాంగయిందనుకుని వైరు పీకబోయాను. మాది విజయనగరం, ఒకరు పాడితే మిగతావాళ్లు బదులు పలకాలని నాకేం తెలుసు?

"ఆగు తమ్మీ, ఖరాబు గాలే. మనల్ని అనమంటున్నది."

ఇద్దరం నోరు మెదిపేలోపే వంటింట్లోంచి బొంగురుగా "ఉయ్యాలో" అని వినిపించింది. పాట రెండో వరుస అందుకుంది. ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి, "రేపు తంగేడు పువ్వు జెర ఎక్కువ పట్టుకరాండ్రి" అన్నారు.

ఒప్పుకుంటాను, పెట్టె సిగ్గుపడలేదు. సెట్టింగుల్లో దాగిన అనుమతి వెతికి పట్టింది నేనే. హెల్మెట్ కూడా పాతదే. మిగతాదంతా, ఆ బొంగురు ఉయ్యాలోతో సహా, నిజం.