మంత్రుల సభలో పది నిమిషాలు

అతన్ని అందరూ గొడుగు అంటారు. వానా ఎండా లేకపోయినా ఒక ఎర్ర గొడుగు ఎత్తి పట్టుకుని ముందు నడుస్తాడు. వెనక ఇరవైముగ్గురు నడుస్తారు. గొడుగు ఆగితే ఆగుతారు. కదిలితే సగంమంది కదులుతారు. మిగతా సగం ఫొటోల్లో ఉంటారు.

విదేశీ యాత్రల కంపెనీ అక్క మొగుడిది. బావ కంపెనీ కనక ఉద్యోగం వచ్చింది. బావ కంపెనీ కనకే రోజూ పోయేటట్టు ఉంటుంది.

"ఇప్పటికి రెండు ఫిర్యాదులొచ్చాయి. మూడోది వచ్చిందా, ఆఫీసులో కూర్చోబెట్టి పాస్‌పోర్టులు జిరాక్స్ తీయిస్తా" అన్నాడు బావ, బయల్దేరే ముందు. "మీ అక్క ఏడ్చినా సరే."

రెండు ఫిర్యాదులదీ ఒకటే మాట. అక్కడి గైడు పది నిమిషాలు చెబితే మీవాడు రెండు ముక్కల్లో తేల్చేస్తున్నాడు, మిగతా ఎనిమిది నిమిషాలు ఎవరు మింగుతున్నారు, అని.

ఇంగ్లీషు చెప్పే గైడుకు ఖర్చెక్కువని బావ పెట్టడు. దొరికిన ఆవిడ తన భాషలోనే చెబుతుంది. గొడుగు ఆ భాషను ఆరు నెలలు సాయంత్రం క్లాసుల్లో నేర్చుకున్నాడు. అందులో భోజనం అడగగలడు, దారి అడగగలడు, క్షమించమనగలడు. రెండు వేల ఏళ్ళ చరిత్రకు ఈ మూడూ చాలవు. అందుకని ఈసారి ఆవిడ ఎంతసేపు చెబితే తనూ అంతసేపు చెప్పాలనుకున్నాడు. గడియారం చూసుకుని మరీ చెప్పాడు.

పొద్దున ఎనిమిదికి కోట ద్వారం. తొమ్మిదిన్నరకు రాణి సమాధి. ద్వారానికి ఒక ద్రోహిని, సమాధికి ఒక సవతిని తగిలించాడు. జనం తృప్తిపడ్డారు. "ఎక్కడైనా ఆడదాని బతుకింతే" అని ఒకావిడ రాణి తరఫున నిట్టూర్చి, వెంటనే మంచినీళ్ళ సీసా ధర అడిగింది.

జట్టులో చాలామంది ఒకే కాలనీ వాళ్ళు. ఆ కాలనీ సంఘం ప్రెసిడెంటు కూడా వచ్చాడు. ఏ ఫిర్యాదైనా ఆయన నోట్లోనే పుట్టాలి. ఆయన వెంట భార్య, కోడలు. కోడలు మితభాషి.

పదకొండుకు నాటకశాల.

"అన్నీ విరిగినవే చూపిస్తున్నావేంటి నాయనా? ఒక్కటైనా బాగున్నది లేదా?" అంది ప్రెసిడెంటు భార్య.

"పాతవి కదమ్మా."

"మా ఇల్లూ పాతదే. ఇట్లా వదిలేశామా?"

మూడింటికి, ఎండ మాడ్చేస్తుండగా, ఒక పొడవాటి గది చేరారు. పైకప్పు లేదు. మూడు గోడల వెంబడి రాతి అరుగు. అరుగు మీద వరసగా గుండ్రటి చిల్లులు. గైడు చాలాసేపు చెప్పింది. గొడుగుకు మూడు మాటలు అందాయి. అందరూ కలిసి. కూర్చునేవాళ్ళు. కింద నీళ్ళు.

ఆ రోజు మొత్తంలో అతను కల్పించకుండా చెప్పింది ఇక్కడే. అర్థమైందే చెప్పాడు.

"ఇది మంత్రుల సభ. అందరూ కలిసి కూర్చుని ఆలోచించేవాళ్ళు."

"మరి ఆ చిల్లులు?" అన్నాడు ప్రెసిడెంటు.

"కింద కాలవ పారేది సార్. చల్లదనం పైకొచ్చేది."

"విన్నారా! ఏసీ!" ప్రెసిడెంటు జనం వైపు తిరిగాడు. "మన మీటింగు హాల్లో ఫ్యాను వేయిద్దామంటేనే సెక్రటరీ అడ్డం పడ్డాడు."

ఆయన నడిమి ఆసనం చూసుకుని కూర్చున్నాడు. కుడిపక్క ట్రెజరర్. హోదా ప్రకారం మిగిలినవాళ్ళు. "ఆడవాళ్ళు మంత్రులు కాకూడదా ఏం?" అని ఆడవాళ్ళూ కూర్చున్నారు. ప్రెసిడెంటు చేతులు మోకాళ్ళ మీద పెట్టి, ప్రజల కష్టాలు తలుచుకుంటున్న ముఖం పెట్టాడు. గైడు గోడవైపు తిరిగి నిలబడింది. కోడలు ఒక్కతే కూర్చోకుండా ఫొటో తీసింది. మొదటిది కదిలిపోయింది, మళ్ళీ తీసింది. పది నిమిషాల్లో ఆ ఫొటో కాలనీ వాట్సాప్ గ్రూపులో ఉంది.

బస్సులో కోడలు ముందు సీటుకొచ్చింది.

"ఆ భాష ఎక్కడ నేర్చుకున్నారండీ?"

"సాయంత్రం క్లాసుల్లోనమ్మా."

"నేను ఉద్యోగం కోసం నాలుగేళ్ళు నేర్చుకున్నా. అది మరుగుదొడ్డండీ. ఊరందరిదీ."

గొడుగు తన ఎర్ర గొడుగును సీటు కిందికి తోశాడు.

"చెప్పకండమ్మా. ఇది మూడో ఫిర్యాదు" అన్నాడు.

"నేను చెప్పను. మామయ్యగారు ఫొటో పంపేశారుగా. నాతో పనేముంది?"

ఏడింటికి హోటల్లో భోజనాలు. బల్లల మీద అభిప్రాయాల ఫారాలు పంచాడు. ప్రెసిడెంటు ఫోను టింగుమంది. ఆయన చూసి, ఫోను బోర్లించాడు.

"ఏంటండీ?" భార్య ఫోను లాక్కుని పైకే చదివింది. "సెక్రటరీ గారు. 'మేమూ నిరుడు వెళ్ళాం ప్రెసిడెంటు గారూ. అది పాతకాలం దొడ్డి. పనయ్యాక నీళ్ళు పోశారా?'"

గొడుగు లేచి నిలబడ్డాడు.

"పొరపాటు నాదే సార్. నాకు ఆ భాష..."

"నువ్వు కూర్చో." ప్రెసిడెంటు కోడలి వైపు తిరిగాడు. "అమ్మాయీ, నీకు వచ్చుగా. గైడేమంది?"

"దొడ్డి అనే అంది మామయ్యగారూ."

ఎవరూ నవ్వలేదు. ఇరవై ఇద్దరూ తేలు కుట్టిన దొంగల్లా పళ్ళేల్లోకి చూశారు. ఒక్కొక్కరి ఫొటో అప్పటికే ఒక్కో వియ్యంకుడికి చేరింది.

ప్రెసిడెంటు నెమ్మదిగా నీళ్ళు తాగాడు.

"నీకొచ్చింది ఇప్పటి భాషమ్మా. అది రెండు వేల ఏళ్ళ కిందటి కట్టడం."

"అదీ మాట" అన్నాడు ట్రెజరర్.

"కాదు సార్, నిజంగానే నేను..."

"ఏమయ్యా, మంత్రుల సభ అన్నావా లేదా?"

"అన్నాను."

"మగాడివైతే మాట మీద నిలబడు."

ఫారాలు నిండాయి. ఇరవై రెండింటిలో నూటికి నూరు. కోడలు తనది ఖాళీగా ఇచ్చింది. ప్రెసిడెంటు తన ఫారం కింద స్వహస్తాలతో రాశాడు: 'మంత్రుల సభకు పది నిమిషాలు ఏమాత్రం చాలవు.'

మర్నాడు ఫారాల ఫొటోలు చూసి బావ ఫోను చేశాడు.

"ఏం మాయ చేశావురా! ఇకనుంచి ప్రతి జట్టుకీ అక్కడ అరగంట."

"బావా, అసలది..."

"అసలది ఏంటి?"

"ఏం లేదు బావా."

అరగంట నింపడం తేలిక కాదు. రెండో జట్టుకే మంత్రులు చాలలేదు. రాజును కూడా తీసుకొచ్చి కూర్చోబెట్టాడు.