సూర్యాపేట మీది మబ్బులు

మిర్యాలగూడలో మా తాత కట్టిన బియ్యం మిల్లు మా నాన్న కాలంలోనే చేతులు మారింది. బస్సు దాని ముందు నుంచి పోతున్నప్పుడు నేను ఇప్పటికీ అటు తల తిప్పను. సూర్యాపేటలో ఎరువుల దుకాణంలో గుమాస్తాగా బతికాను గాని, ఇస్త్రీ లేని చొక్కా వేసుకుని ఒక్కనాడూ పనికి పోలేదు. మిల్లు పోయాక కూడా మా అమ్మ ఒక పద్ధతిని పోనివ్వలేదు. పక్కింటివాళ్లు కూర పంపితే ఆ గిన్నె ఖాళీగా వెనక్కి పోకూడదు. బియ్యమో బెల్లమో, ఏమీ లేనినాడు చిటికెడు చక్కెరో వేసి పంపేది.

నాకు పిల్లలు లేరు. మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలో పని చేసే మా తమ్ముడు తన కూతుర్ని ఆరో తరగతిలో మా దగ్గర ఉంచాడు. "ఏడు దాకనే అన్నా. తర్వాత ఐఐటి ఫౌండేషన్‌ల ఏస్త" అని ముందే చెప్పాడు. అప్పటికి ఏదో విధంగా వాడి మనసు మారుతుందని నేనూ నా భార్యా అనుకున్నాం.

ఆ పిల్ల నోట ప్రశ్న ఆగేది కాదు. ఇడ్లీ పిండి తెల్లారేసరికి ఎందుకు పొంగుతుంది, చేప నిద్రపోతుందా, ఉరుముకంటే మెరుపు ముందెందుకు. నాకు తెలిసినవి చెప్పాను. తెలియనివి పెరిగాక బస్టాండు దగ్గరి నెట్ సెంటరుకు తీసుకుపోయాను. ఆమె కంప్యూటరు ముందు కూర్చునేది, వెనక ప్లాస్టిక్ కుర్చీలో నేను. ఒక మ్యూజియం వాళ్లు రాక్షసబల్లుల ఎముకల్ని పిల్లలకు చూపించే సైటు. గుండె లోపల రక్తం ఏ గదిలోంచి ఏ గదికి పోతుందో బొమ్మ కదులుతూ చెప్పే సైటు. శనిగ్రహం ఫొటో పై నుంచి కొంచెం కొంచెంగా దిగేది. వలయాల దాకా వచ్చేసరికి కరెంటు పోయేది. "ఉన్నదున్నట్టు మళ్ల రావాలె" అని ఆమె తెర మీద చెయ్యి పెట్టి కూర్చునేది.

"ఇవన్నీ ఎవరిస్తున్నరు?" అని ఒకరోజు అడిగాను.

"గవన్నీ ఫ్రీ పెదనాన్నా. ఎవరైనా సూడొచ్చు."

ఆ మాట నాకు మింగుడు పడలేదు. సెంటరు నడిపే కుర్రవాణ్ణి పిలిచి వాళ్ల అడ్రసు రాసిమ్మన్నాను.

"ఎందుకు సారూ?"

"ఊకె తీసుకునే అలవాటు మాకు లేదు. ఒక బస్తా సన్నబియ్యం పంపుదామని."

అతను నవ్వాపుకోలేక కౌంటరు కిందికి వంగాడు. "సారూ, వాళ్లున్నది అమెరికాల. మన ఆర్టీసీ పార్సిల్ అంత దూరం పోదు."

పిల్ల మాత్రం నవ్వలేదు. మర్నాడు వెతికి వెతికి ఒక సైటు పట్టుకుంది. ఉపగ్రహం మన ఊరి మీదుగా పోయే వేళకు ఆకాశం చూసి, మబ్బులు ఏ రకమో, ఎంత మేర కమ్మాయో బడిపిల్లలు రాసి పంపాలి. పై నుంచి ఉపగ్రహం చూసినదానితో వాళ్లు పోల్చుకుంటారు. "బియ్యం వద్దు పెదనాన్నా. మబ్బులు పంపుదం" అంది.

అవి తెలంగాణ బందుల రోజులు. బడి మూతపడ్డప్పుడల్లా ఇద్దరం డాబా మీద ఉండేవాళ్లం. ఆమె మెడ వెనక్కి వాల్చి చూసి చెప్పేది, మబ్బు ఎంత మందమో తెలియడానికి నేను నీడ గట్టిగా పడుతోందో లేదో చూసేవాణ్ణి. తర్వాత సగం షట్టరు కింద నుంచి వంగి సెంటరులోకి దూరేవాళ్లం. నేను ఎవరి ముందూ వంగని మనిషిని. ఆ షట్టరు కింద వంగాను.

వాళ్ల దగ్గర నుంచి జవాబు వచ్చిన రోజు ఆమె దాన్ని వాళ్ల పెద్దమ్మకు చదివి వినిపించింది. మీరు కింద నుంచి చూసిందీ మేం పై నుంచి చూసిందీ సరిపోయాయి, కృతజ్ఞతలు అని ఉంది.

ఏడో తరగతి పరీక్షలు కాగానే తమ్ముడు వచ్చాడు.

"సీటు మాట్లాడిన అన్నా. బెజవాడ దగ్గర హాస్టల్."

"ఈడ ఏం తక్కువైంది?"

"తక్కువ గాదు, ఎక్కువైంది. మబ్బులు సూసుకుంట కూసుంటే ర్యాంకు వస్తదా?"

"అది గూడ సదువే."

"మిల్లు ఉన్నోళ్లకు గది సదువు. మనకు మిల్లు లేదు గదా అన్నా. ఇంకా ఉన్నదనుకుంటున్నవా?"

మా ఇంట్లో పెద్దవాడు చిన్నవాణ్ణి అడగడు, చెబుతాడు. ఆ రోజు నేను అడిగాను. "పదో తరగతి దాక ఉంచురా. నీకు దండం పెడత." వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. తమ్ముడు నేల చూపులు చూస్తూ "గట్ల అనకు అన్నా" అన్నాడు. మాట మాత్రం మార్చలేదు.

సూర్యాపేట బస్టాండులో వాడు విజయవాడ బస్సులో ట్రంకు పెట్టె సర్దుతుంటే ఆమె నా చొక్కా పట్టుకుంది.

"గా సైటోళ్లకు చెప్పలే పెదనాన్నా. ఊకె ఆపేస్తే ఏమనుకుంటరు?"

"నేను పంపుత."

"నీకు వస్తదా?"

"నేర్చుకుంట."

"సిర్రస్ మబ్బంటే ఈక తీరుగ ఉంటది. మర్వకు" అంటూ బస్సెక్కింది.

నేర్చుకున్నాను. సెంటరు కుర్రవాడు టైపు చేసిపెట్టేవాడు. హాస్టలు నుంచి ఆదివారాలు ఫోను వచ్చేది. మొదట్లో "ఇయ్యాల ఏం మబ్బు?" అని అడిగేది. వాళ్ల గది కిటికీకి రేకు కొట్టారట, ఏమీ కనబడదట. కొన్నాళ్లకు మార్కులు చెప్పడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఏ సెక్షన్‌లోకి మార్చారో, ఎవరు కింది సెక్షన్‌కు పడిపోయారో చెప్పేది.

ఒక ఆదివారం నేనే ముందు అన్నాను. "మనం పంపింది సరిపోయిందట. మళ్ల జవాబొచ్చింది."

అటు వెనక తొందరపెడుతున్న పిల్లల గొంతులు.

"మంచిది పెదనాన్నా. టైం అయిపోతది, పెద్దమ్మకియ్యి."

ఆ గొంతులో విసుగు లేదు. పరాయివాళ్లతో మాట్లాడే మర్యాద ఉంది. ఫోను నా భార్యకు ఇచ్చాను.