విన్నట్టు రాసిన పేరు

ఏడేండ్ల సంది ఒక మాట మింగలేక కక్కలేక బతుకుతున్న. మీరెవరో నాకు ఎరుక లేదు. గందుకే మీకు చెప్తున్న. ఎరుకైనోళ్లకు చెప్పే ధైర్యముంటే ఎప్పుడో చెప్పేదాన్ని. నా పేరు రాస్తలేను. ఇది గూడ పిరికితనమే. తెలుసు.

అప్పుడు నేను నల్లగొండల ఒక డిగ్రీ కాలేజీల కంప్యూటర్ ల్యాబు చూసుకునేదాన్ని. ఆదివారం వస్తే మేం ఏడెనిమిది మందిమి జిరాక్స్ దుకాణం మీది అర్రల జమయ్యేది. ఎవరో పారేసిన కంప్యూటర్లు తెచ్చి లినక్స్ సాఫ్ట్‌వేర్ ఎక్కించేది, ఊర్లల్ల బడులకు ఇచ్చేది. మాకందరికి పెద్ద శ్రీశైలమన్న. ఇన్వర్టర్లు రిపేరు చేసుకుంట, ఎవరూ నేర్పకుంటనే కంప్యూటర్ నేర్చుకున్నడు. ల్యాప్‌టాప్ కెమెరా మీద బ్యాండేజీ ముక్క అతికించుకునేటోడు. ఎవరి ఫోను ఎవరూ ముట్టొద్దనేటోడు. మేం నవ్వేది. ఆయన నవ్వకపోయేది.

మన యాస ఫోన్లకు అర్థమైతలేదని మాకు రంది ఉండె. మా అవ్వ ఫోన్ల ఒకటి చెప్తే అది ఇంకొకటి రాసేది. గందుకని ఊర్లల్ల తిరిగి మనుషుల మాటలు రికార్డు చేద్దాం, వెబ్‌సైటుల అందరికి తెరిచి పెడదాం, ఎవరైనా దాంతోని ఏఐకి మన భాష నేర్పొచ్చు అనుకున్నం. శ్రీశైలమన్న ఒక్కటే షరతు పెట్టిండు. ప్రతి ఫైలును ఇద్దరు మొదటి నుంచి ఆఖరి దాక వినాలె. ఇంటి ముచ్చట్లు, పేర్లు ఉంటే కోసెయ్యాలె. విన్నోళ్లిద్దరి పేర్లు ఒక పట్టికల ఫైలు పక్కన రాయాలె. ఆ పట్టికల ఎవరమైనా రాయొచ్చు. తాళం లేదు. ఒకరి మీద ఒకరికి నమ్మకం, గంతే.

మోత్కూర్ దగ్గర ఒక ఊర్ల, మగ్గాల వాడల, యాదమ్మత్త నాకు దొరికింది. నలభై ఏండ్లు దాటినయి. భర్త సచ్చిపోయిండు. ఒక్కతే మగ్గం నడుపుతాంది. కండెలు చుట్టుకుంట నూలు ముచ్చట, రంగుల ముచ్చట, ఆమె చెప్తుంటే నేను మైమరిచిపోయిన. గంటసేపు మాట్లాడింది.

ఇగో, ఇక్కడే ఆగిపోతున్న. ఇక్కడి దాకనే రాసి రెండుసార్లు చింపేసిన.

చాయ్ పోసుకుంట ఆమె అడిగింది, "బిడ్డా, గా మైకు ఆపినవా?" అని. ఆపిన అన్న. ఆపలే. మరిచిపోయి గాదు. మైకు ఆగిందనుకున్నంకనే మనుషులు అసలు మాట మాట్లాడుతరని నాకు అప్పటికే తెలుసు. ఆ భాషే నాకు కావాలె. తర్వాత కోసేస్త అనుకున్న. నిజంగ అనుకున్ననా? లేకపోతే ఇప్పుడు నన్ను నేను కాపాడుకుంటున్ననా? ఏడేండ్లల్ల ఇది తేల్చుకోలేకపోయిన.

ఆమె నన్ను కన్నబిడ్డ లెక్క చూసింది. నెలకోసారి నల్లగొండ దవాఖానకు పోతనని, అంగడికని చెప్పి పోతనని, భర్త అంటించి పోయిన హెచ్‌ఐవీకి మందులు తెచ్చుకుంటనని చెప్పింది. "ఈ వాడల ఒక్కరికి ఎరుకైనా నా బతుకు ఆగమైతది," అన్నది. నేను ఆమె చెయ్యి పట్టుకున్న. పక్కన మైకు నడుస్తనే ఉన్నది.

తర్వాత హైదరాబాద్‌ల ఒక సభల మా పని చూపెట్టే మోక వచ్చింది. మాట్లాడేది నేనే. అనుకున్నన్ని గంటల మాటలు ఇంక జమ కాలే. నా దగ్గర చాన ఫైళ్లు వినకుంట పడి ఉన్నయి. ఒక్కొక్కదాని మొదలు ఇన్ని మాటలు వినుకుంట పోయిన. యాదమ్మత్త ఫైలు మొదట్ల నూలు, రంగులు. దాని ఆఖర్ల ఏమున్నదో ఆ పూట నాకు యాదికి రాలే. రాలేదా, రానియ్యలేదా? విన్నట్టు నా పేరు రాసిన. రెండో పేరు జాగాల శ్రీశైలం అని రాసిన. ఆయన పేరుంటే ఇంకెవ్వరూ అడగరు.

సభల చప్పట్లు కొట్టిండ్రు.

రెండు నెలలకు ఆ ఊరామె ఒకామె మా వెబ్‌సైటుల ఎరుకైన గొంతు విన్నది. ఆఖరి ముక్క కోసి ఊరి వాట్సాప్ గ్రూపుల పెట్టింది. ఒక్క పూటల అందరికి చేరింది. బోరింగ్ కాడ యాదమ్మత్తను బిందె పెట్టనియ్యలే. నూలు ఇచ్చే సేటు మనిషిని పంపి నూలు వాపసు తీసుకపోయిండు.

ఆ ఆదివారం అర్రల శ్రీశైలమన్న తెర ముంగట కూసొని ఉన్నడు. ఫైలు పక్కన రెండు పేర్లు.

"చెల్లె, నేను గిది విన్ననా?"

తెర మీద తన పేరు కాడ వేలు పెట్టిండు.

"నాకు ఒక్క ముక్క యాదికొస్తలేదు. కని నా పేరున్నది గదా. వినకుంట నేనెట్ల రాస్త?"

"చాన ఫైళ్లుండె గదన్నా," అన్న. "అలిసిపోయి ఉంటవ్."

తల ఊపిండు. "మొదలు విన్నదానివి, నీకు దొర్లిపోతది. రెండోసారి వినేటోడు ఎందుకుంటడు? పట్టుకోనీకె. నేను పట్టుకోలే."

ఆయన తన యాదిని నమ్మలే. రాతను నమ్మిండు. ఆ రాత నాది.

ఫైలు తీసేసినం. అప్పటికే ఎంతమంది దింపుకున్నరో ఎవరికెరుక. శ్రీశైలమన్న ఆ ఊరికి పోయి యాదమ్మత్త కాళ్లు పట్టుకున్నడట. నన్ను రమ్మన్నడు. జరమని అబద్ధం చెప్పిన. ఆమె వాడ ఇడిసిపెట్టి హుజూర్‌నగర్ దిక్కు కూలికి పోయింది. బస్సుల ఎరుకైనోళ్లు చూస్తరని దవాఖానకు పోవుడే బందు చేసింది. మందులు ఆగినయి. రెండేండ్లకు పానం పోయింది. మట్టికి గూడ శ్రీశైలమన్ననే పోయిండు. నేను పోలే.

మా గుంపు చెదిరిపోయింది. ఇప్పుడు ఫోన్ల గీ యాసల మాట్లాడితే అచ్చం అట్లనే రాస్తాంది. అందరు సంబురపడుతున్నరు. అందుల యాదమ్మత్త గొంతు ఉన్నదా? ఉంటే ఏ మాటల ఉన్నది? ఫోన్ల మాట్లాడాలంటేనే నాకు నోరు రాదు. అన్నీ రాసుకునే పంపుతున్న.

పోయిన నెల శ్రీశైలమన్న ఇంటికి పోయిన. జడ్చర్లల ఒక కంపెనీల మూటలు లెక్కపెట్టే పని ఆయనది. కంప్యూటర్ ముట్టడు. బటన్ల ఫోను. ఆయన లోపల చేతులు కడుక్కుంటుంటే వదినె నాతోని అన్నది, "ఈయనకు ఏమైందో ఏమో చెల్లె. బిడ్డ ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టాలన్నా పదిసార్లు చదువుతడు. బడి బస్సు వచ్చి నిలవడితది, ఈయన చదువుతనే ఉంటడు."

చెప్పాల్సింది అప్పుడే. దానికే పోయిన. ఆయన బయటికొచ్చి, "మంచిగున్నవా చెల్లె," అన్నడు. మంచిగున్న అన్న. చాయ్ తాగి వచ్చిన.

బస్సుల కూసున్నంక ఎంత ఏడ్చినా ఏం లాభం? చెప్తే ఆయనకు ఏమొస్తది? పోయిన ఏండ్లు వాపసు వస్తయా? చెప్తే ఆయన తేలికైతడా, ఇన్నేండ్లు ఉత్తగ కాలిపోయిననని ఇంకింత కాలిపోతడా? గిట్లనే అడుగుకుంట నెల గడిపిన. ఈ ప్రశ్నలు ఆయన కోసం గాదు, నా కోసమే అడుగుతున్ననని గూడ తెలుసు. మల్ల జడ్చర్ల బస్సు ఎక్కుతనని మీకు మాటియ్యలేను. నా మాట ఎంత మాటనో మీరు చూసిండ్రు గదా.

గందుకే గిది మాత్రం రాస్తున్న. యాదమ్మత్త మైకు ఆపినవా అని అడిగింది. ఆపిన అన్న. ఆపలే. ఆ ఫైలు నేను వినలే. శ్రీశైలమన్న వినలే. ఆయన ముంగట ఆ ఫైలు ఎన్నడూ పెట్టలే. ఆయన పేరు రాసింది నేను.

ఇంట్ల ఎవరు లేరు. రాసిందంతా ఒకసారి గట్టిగ చదివిన. గొంతు నాదేనా అనిపించింది. ఆఖరి దాక విన్న.