సూరి సినిమా సగమే చూసి పెళ్లిచూపులకు వెళ్లాను

నా నోరు నన్ను చాలాసార్లు ముంచింది. కానీ పెళ్లిచూపుల్లో, అమ్మాయి ఎదురుగా, ఆమె నాన్నగారి సోఫాలో కూర్చోబెట్టి మరీ ముంచింది మాత్రం ఒక్కసారే. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను. మీరు హాయిగా నవ్వుకోండి, నేనేమీ అనుకోను. మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

ముందు నా పని గురించి చెప్పాలి. మాది మంచాల. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల వెంచర్లలో ప్లాట్లు చూపిస్తుంటాను. తుప్పలు తప్ప ఏమీ లేని చోట నిలబడి, "గిక్కడ పార్కొస్తది సార్, గక్కడ పెద్ద రోడ్డు పడ్తది" అని చెప్పి చెప్పి, లేనిదాన్ని కళ్లారా చూసినట్టు వర్ణించే విద్య నాకు బాగా అబ్బింది. దానికి తోడు సినిమా పిచ్చి. అందులోనూ సూరి సినిమా అంటే ప్రాణం.

సూరి ఎవరో తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. అంతరిక్షంలో ఓడ నడిపే హీరో. మొదటి భాగంలో ఎవరి మాటా వినడు. తనతో పాటు ఓడ నడిపే తారను మండుతున్న గ్రహం మీద వదిలేసి మరీ భూమిని కాపాడతాడు. మేం ఈలలు వేసి వేసి గొంతులు పోగొట్టుకున్నాం. పాపం తార ఏమైందని మాలో ఒక్కడూ అడగలేదు.

రెండో భాగం వచ్చింది. ఇబ్రహీంపట్నంలో మొదటి రోజు, మొదటి ఆటకే వెళ్లాను. తీరా చూస్తే మా సూరి ఎక్కడో షెడ్డులో బకెట్టు పట్టుకుని ఓడలు కడుగుతున్నాడు! దారిన పోయే ప్రతివాడికీ తల వంచుతున్నాడు. నా ఒళ్లు మండిపోయింది. ఇంటర్వెల్లో బయటికొస్తే, గేటు దగ్గర యూట్యూబ్ చానల్ వాళ్లు మైకు పట్టుకుని 'పబ్లిక్ టాక్' తీస్తున్నారు. మైకు కనిపిస్తే నేను ఆగే మనిషినా?

"ఎట్లుందన్నా సినిమా?"

"సినిమానా గిది? మా సూరితోని బండ్లు కడిగిపిస్తరా? పులిని తీస్కపోయి గొర్ల మందల తోలిండ్రు!"

"కథల దమ్ముందా అన్నా?"

"కథెక్కడుంది? గా డైరెక్టర్ను జర మా మంచాలకు తోలుండ్రి. మా బాపు జొన్నచేన్ల కలుపన్న తీపిస్తడు!"

జనం చుట్టూ చేరారు. ఒకటే ఈలలు, చప్పట్లు. ఇంతలో బెల్లు మోగింది. ఎంత తిట్టినా, సెకండ్ హాఫ్‌లో ఏమవుతుందో చూడాలని నాకూ ఉంది కదా. మెల్లగా లోపలికి కదిలాను.

"గింత తిట్టి మల్ల లోపలికి పోతున్నవా అన్నా?" అన్నాడు గుంపులో ఒకడు.

"నేనా? నేనెందుకు పోత? నా బండి కాడికి పోతున్న" అన్నాను.

అన్నాక చేసేదేముంది? నిజంగానే బండెక్కి ఇంటికొచ్చేశాను. ఆ వీడియో మాత్రం నా బండికంటే వేగంగా ఊళ్లు తిరిగింది. మర్నాటి నుంచి హోటల్లో చాయ్ తాగే ప్రతివాడికీ నేనే పెద్ద విమర్శకుణ్ణి.

కొన్నాళ్లకు హయత్‌నగర్ నుంచి సంబంధం వచ్చింది. గోదావరి వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. అమ్మాయి పేరు శ్రావణి. బాపుతో కలిసి వెళ్లాను. ఆమె వచ్చి ఎదురుగా కూర్చుని, మొహమాటం లేకుండా నా వైపు చూసి నవ్వింది. ఈ సంబంధం కుదరకపోతే నా బతుకు దండగ అనిపించింది. నిజంగానే అనిపించింది, ఇందులో వెటకారమేమీ లేదు.

వాళ్ల నాన్న రాఘవరావు గారు కాఫీ అందిస్తూ, "బాబూ, సూరి సినిమాని తిట్టింది మీరే కదూ? మా అమ్మాయి వీడియో చూపించింది. నాకు మాత్రం ఆ రెండో భాగం అంటే ప్రాణమండి" అన్నారు.

నేను కాఫీ కప్పు పక్కన పెట్టేశాను.

"సెకండ్ హాఫ్ గురించి అందులో ఏమీ చెప్పలేదేంటండి?" అంది శ్రావణి.

చూడలేదని చెప్పేస్తే అక్కడితో పోయేది. కానీ పబ్లిక్ టాక్ చెప్పిన నోరు కదా, ఒప్పుకుంటుందా?

"చెప్పనీకి టైము సాలలేదండి" అన్నాను. నా నోట్లోంచి 'అండి' రావడం అదే మొదలు. బాపు ఉలిక్కిపడి నా వైపు చూశాడు.

"అయితే చివర్లో ఓడ ఎవరు నడిపారో గుర్తుందా?"

"సూరే! ఇంకెవరు నడుపుతరండి? ఏం నడిపిండు! ఓ చేతుల స్టీరింగు, ఓ చేతుల తుపాకి. ఎడమ దిక్కు గ్రహం పేలుతది, కుడి దిక్కు చుక్కలు రాలుతయి..."

ప్లాటు చూపించినట్టే చూపించాను. అడ్డెవరు? పార్కూ పెట్టాను, రోడ్డూ వేశాను.

"అంత ఫైటు మాకు కనిపించలేదేంటి చెప్మా?" అన్నారు రాఘవరావు గారు.

బాపు నా చెవి దగ్గరికి వంగాడు. "గా దినం అన్నం టైముకే ఇంట్ల ఉంటివి గదరా. గిదంత ఎప్పుడు చూసినవ్?"

"బాపూ, జర ఊకో."

"పోనీలెండి, మళ్లీ చూద్దాం" అంటూ రాఘవరావు గారు రిమోట్ అందుకున్నారు. "సరిగ్గా ఇంటర్వెల్ నుంచి పెడతాను."

పెళ్లిచూపులకు వెళ్లి అమ్మాయిని వదిలేసి టీవీ చూసిన మగవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. మిక్స్చరు ప్లేటు ఒళ్లో పెట్టుకుని చూస్తుంటే, ఒక్కొక్క సంగతీ బయటపడుతోంది. తార బతికే ఉంది. ఆమె ఉన్న చోటు వెతుక్కుంటూ వచ్చి, సూరి ఆ షెడ్డులో పనికి కుదిరాడు. చివరికి ఆమె ఎదుట నిలబడి, "తప్పు నాదే, నిన్ను వదిలేసి పోయాను" అన్నాడు. తన సీటు ఆమెకిచ్చి పక్కకు తప్పుకున్నాడు. ఓడను తారే పైకి లేపింది. అప్పటికి నా కళ్లు తడిసిపోయాయి. మొదటి భాగంలో సూరికి ధైర్యం ఉంది గానీ, ఎదుటి మనిషి పట్టలేదు. ఆ బకెట్టు పట్టుకున్నాకే వాడు మనిషయ్యాడు. నేను పులి అనుకుని మురిసిపోయింది వాడి పొగరును చూసి.

సినిమా అయిపోయింది. అందరూ నన్నే చూస్తున్నారు. సూరి అంతటివాడే ఒప్పుకున్నాక నాదేముంది? లేచి నిలబడ్డాను.

"తప్పు నాదే సార్. ఇంటర్వెల్‌లనే ఇంటికి పోయిన. గా ఫైటంత నేను కల్పించిందే. కని గిప్పుడు చెప్తున్న, గింత మంచి సినిమా ఇంకోటి లేదు! సూరి ఎంత మారిండో చూసిండ్రా? దీన్ని తిట్టెటోనికి బుద్ధి లేనట్టే!"

రాఘవరావు గారి ముఖం వెలిగిపోయింది. గెలిచేశాననుకుని శ్రావణి వైపు తిరిగాను. ఆమె ముఖం మాడిపోయి ఉంది.

"నాకీ సినిమా అస్సలు నచ్చదండి" అంది. "మీ వీడియో చూసి, నాన్నతో వాదించడానికి నాకొక తోడు దొరికాడనుకున్నాను. మిమ్మల్ని రమ్మనమన్నది అందుకే."

నిలబడ్డవాణ్ణి నిలబడ్డట్టే కూలబడ్డాను.

"మారింది సూరి ఒక్కడే కదండీ. తార సంగతేంటి? ఆ మంటల్లో ఎలా బతికిందో ఒక్క ముక్కయినా చూపించారా? అతను సారీ అనగానే నవ్వేసి స్టీరింగు పట్టుకుంది. అంత మోసపోయిన మనిషికి కోపం రాదా?"

"అవ్, గది గూడ కరెక్టే..." అన్నాను.

"మళ్లీ మార్చకండి!"

బాపు కండువా సర్దుకుని లేచాడు. "పా రా, పోదాం. చేసింది సాలు."

అప్పుడు నవ్వింది శ్రావణి. "కూర్చోండి మావయ్య గారూ. ఎన్నిసార్లు చూసినా ఆ సినిమా బాగుపడదు గానీ, మీ అబ్బాయి మాత్రం సెకండ్ హాఫ్‌లో కాస్త బాగుపడ్డారు."

అలా మా పెళ్లయింది. ఇప్పటికీ మామగారు ఆ సినిమాని పొగుడుతారు, శ్రావణి తిడుతుంది, మధ్యలో కూర్చుని నేను ఇద్దరికీ తలూపుతాను. అందుకని, నేను చూపించిన ప్రతి ప్లాటు హద్దురాయి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ సినిమా అయినా, తెర మీద ఆఖరి పేరు పడేదాకా చూడకుండా ఒక్క ముక్క మాట్లాడను. ఎవరు మైకు పెట్టినా నోరు విప్పను. అన్నట్టు, సూరి మూడో భాగం తీస్తున్నారట. అది మాత్రం బాగుండదు, రాసిపెట్టుకోండి.