మా ఇంటి మగవాళ్ల గుండె

వెన్న కాస్తూ తమలపాకు వేసినప్పటి వాసన తగిలితే నాకిప్పటికీ ముందు ఆకలేస్తుంది, ఆ వెంటనే మా వదిన రాజ్యలక్ష్మి గుర్తొస్తుంది.

సత్తెనపల్లి దగ్గర మాకు పత్తి, మిరప చేలుండేవి. తాతయ్య, నాన్న ఇద్దరూ నలభై దాటీ దాటకముందే ఉన్నట్టుండి పోయారు. ఊరు దిష్టి అంది, అమ్మ తలరాత అంది. అన్నయ్య ఒళ్లొంచి పనిచేసే మనిషి, పిసరంత పొట్ట కూడా లేదు. 1960ల మొదట్లో ఒక ఉదయం, తనకింకా నలభై నిండకుండానే, కళ్లంలో మిరపకాయలు ఆరబోస్తూ గుండె పట్టుకుని కూలబడ్డాడు. గుంటూరు చేరేలోపే ప్రాణం పోయింది.

నేనప్పుడే పక్క ఊరి బడిలో మాస్టారుగా చేరాను. అమ్మ వద్దంటున్నా వినక, కర్మలు కాగానే వదిన నన్ను గుంటూరు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది.

"అంత కష్టం చేసే మనిషికి ఎందుకొచ్చిందండీ?" అని అడిగింది.

"ఒంటి కష్టం కొంత కాపాడుతుందమ్మా, పూర్తిగా కాదు. రక్తంలో కొవ్వు ఎక్కువగా ఉండటం కొన్ని వంశాల్లో వస్తుంది. చుట్టలు, నెయ్యి దానికి ఆజ్యం పోస్తాయి" అన్నాడాయన.

ఆ రోజు నుంచి నా చుట్టలు మానిపించింది. బడికి నడిచే వెళ్లమంది. ముద్దపప్పులో నెయ్యి చుక్కలకు దిగింది. అమ్మ ఊరుకోలేదు.

"నీ కడుపున పుట్టినోడైతే ఇట్టా పెడతావా?"

వదిన చేతిలో గరిటె ఆగింది. "నా కొడుకైనా ఇంతేనత్తయ్యా. ఆయనకి గిన్నెలు గిన్నెలు పోసింది నేనే గదా."

అమ్మ మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

నాకు పిల్లనిస్తామని వచ్చినవాళ్లతో వదిన దాచకుండా చెప్పింది. "మా ఇంటి మగాళ్లకి గుండెజబ్బుందండీ. ఆలోచించుకుని ఇవ్వండి." మొదటి సంబంధం వెనక్కి పోయింది. అమ్మ ఏడ్చింది, నాకూ కోపమొచ్చింది. తరువాత వచ్చిన అమ్మాయి మాత్రం వదినను పక్కకు పిలిచి, "ఆయనకి ఏం వండాలక్కా?" అని అడిగింది. ఆమే నా భార్య.

నాకిప్పుడు ఎనభై దాటాయి. ఆ జాగ్రత్తల వల్ల బతికానో, ఆ జబ్బు నాకసలు సంక్రమించలేదో చెప్పలేను. వదిన మాత్రం కాలం చేసి చాలా ఏళ్లయింది.

మా అబ్బాయి సన్నగా ఉంటాడు, పొగ తాగడు. అయినా ముప్పై దాటగానే వాణ్ణి కూర్చోబెట్టి, మా ఇంట్లో ఎవరెవరు ఎలా పోయారో ఒక్కటీ వదలకుండా చెప్పాను. పరీక్ష చేయిస్తే కొలెస్ట్రాల్ బాగా ఎక్కువుందన్నారు. మందులు వాడుతున్నాడు. మొన్ననే అన్నయ్య పోయిన వయసు దాటాడు.