చల్లగున్నప్పుడు గీసిన గీత

ఇరవై ఏండ్ల కింద మా బామ్మర్ది మా సేటు ముందల నిలబడి, నా బాయిలర్‌ల నేను కొట్టిన ప్లగ్గులు ఒక్కటొక్కటి వేలు పెట్టి లెక్కపెట్టిండు. పందొమ్మిది. అది నేను ఇప్పటికీ మర్వలే. పోయిన మంగళవారం పొద్దుగాల సూర్యాపేట దవాఖానల ఆయన పానం పోయింది. మనిషి పోయిండు గని నా కోపం పూర్తిగ పోలే. పోయినోళ్లందర్నీ దేవుళ్లని రాసుడు నాకు రాదు. ఉన్నదున్నట్టు రాస్త, సదవండి.

నాది మిర్యాలగూడ. ఉప్పుడు బియ్యం మిల్లుల బాయిలర్ కాడ ముప్పై ఆరేండ్లు నిలబడ్డ. ఊకతోని మంట పెట్టుడు, ఆవిరి లేపుడు, ఆ ఆవిరితోని వడ్లు ఉడికిచ్చుడు నా పని. బడికి పోయింది తక్కువ. మీటర్ ముల్లు సూసి అంకెలు నేర్చిన, అంకెల ఎనక అక్షరాలొచ్చినయ్. బామ్మర్దిది కోదాడ, మా ఇంటామెకు తమ్ముడు. ఐటీఐ చేసి ఎక్కడో దూరం రాష్ట్రంల అణు కరెంటు ప్లాంటుల ఫిట్టర్‌గ చేరిండు. అక్కడ్నే రిటైరై మళ్ల కోదాడకే వచ్చిండు.

బాయిలర్ లోపల పొగ పోయే ఇనుప గొట్టాలు వరుసగ ఉంటయ్. ఒకటి కారుడు మొదలుపెడితే దాని రెండు మూతులకు బిరడా కొట్టి మూసేస్తం. దాన్నే ప్లగ్గు అంటం. గొట్టం సచ్చినా మిల్లు ఆగది. ప్లగ్గు కొట్టుట్ల నన్ను మించినోడు మిర్యాలగూడల లేడని పేరు. ఆ గర్వంతోనే, సెలవుల వచ్చిన బామ్మర్దిని మిల్లుకు తోల్కపోయిన.

"ఏంది బామ్మర్ది, మీ అణు ప్లాంటోళ్లకు వస్తదా గిట్ల కొట్టుడు?" అన్న. సేటు కూడ నవ్వుకుంట వచ్చి నిలబడ్డడు.

ఆయన నవ్వలే. వంగి సూసిండు. లెక్కపెట్టిండు. లేచి సేటు దిక్కు తిరిగి, "పాత గొట్టాలు మొత్తం మార్పించండి సేటూ. ఇంక ప్లగ్గుతో అయ్యేది కాదు" అన్నడు.

నడి సీజన్ల మిల్లు పన్నెండు రోజులు బందయింది. వడ్ల ట్రాక్టర్లు రోడ్డు దాక నిలబడ్డయ్. ఇంటికొచ్చి ఒర్రిన: "నా ఇంట్ల అన్నం తిని నా పని మీద మన్ను పోస్తివి గదరా! పక్కకు పిలిచి నాకొక్కనికి చెప్పరాదా?"

"నీకొక్కడికే చెబితే ఇంకో ప్లగ్గు కొడతావు బావా" అన్నడు, పెరుగన్నం కలుపుకుంట.

మా ఇంటామె నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. అప్పటిసంది పెండ్లయినా పేరంటమైనా చుట్టాలకు నేను 'ప్లగ్గుల బావ'నే.

ఇంకో ముచ్చట నేను ఎవ్వలకు చెప్పలే. మూడో రోజు పాత గొట్టాలు బయటికి గుంజిండ్రు. ఒకదాన్ని బొటనవేలితోని ఒత్తిన. అప్పడం తీర్గ లోపలికి పోయింది. జానెడు ముక్క కోయించుకొని, తువ్వాలల చుట్టి అటక మీద పెట్టిన.

ఇంత మార్చుమనే మనిషి ఇంట్ల ఒక్క వస్తువు మార్చలే. కండ్లద్దాల కాడకు రాగి తీగ. టేబుల్ ఫ్యాను పెండ్లి నాటిది. చెప్పులు ఎన్నిసార్లు కుట్టిచ్చిండో, అసలు తోలు కంటె దారం ఎక్కువుండె. దొరికిండు అనుకున్న.

"ప్లాంటుల అన్నీ మార్పిస్తవ్, నీ చెప్పులు మార్చవేందిరా?"

"చెప్పు తెగితే నేనొక్కణ్ణే కుంటుతా బావా. అక్కడ తెగితే ఊరు కుంటుతుంది."

ప్లాంటు సంగతి మెల్లగ, చాయ్ తాక్కుంట చెప్పేటోడు. ఆడ గూడ ఆవిరి లేపుతందుకు సన్నటి గొట్టాలు వేలకు వేలు ఉంటయంట. కారితే వాళ్లు గూడ ప్లగ్గే కొడతరంట. అది ఇన్ననాడు నాకు సగం దుఃఖం పోయింది. గని ఎన్ని ప్లగ్గుల దాక నడవాలె, ఎన్నిటికి ఆపాలె అన్నది ముందుగాలనే కాయిదం మీద రాసుంటదంట. "హద్దు చల్లగున్నప్పుడు గీయాలి బావా. వేడి మీద గీస్తే వంకర పోతుంది" అనేటోడు. సీజన్ నడుస్తుంటే ఏ సేటు నోట్లకెల్లి మార్చుడు అనే మాట రాదు. ఏ ప్లగ్గుల బావ నోట్లకెల్లి గూడ రాదు.

ఆడ అణుపొయ్యి నడిమిట్లకెల్లి పోయే పెద్ద గొట్టాలు ఏండ్లు గడిస్తే కుంగుతయంట. ఒకసారి పొయ్యి మొత్తం ఆపి, వందల గొట్టాలు గుంజి కొత్తయి పెట్టిండ్రు. ఆ పనిల మా బామ్మర్ది ఉన్నడు. కంటికి కనపడని అణు కిరణాలు ఒంటికి తగుల్తయని మనిషిని నిమిషాల లెక్కన లోపలికి పంపుతరు. ఎంత తగిలిందో రొమ్ము మీది మీటర్ చెప్తది. "మరమ్మతు చవకే. మరమ్మతని చెప్పి మనిషిని మాటిమాటికి లోపలికి పంపడం చవక కాదు" అన్నడు. వేడి చల్లారకముందే బాయిలర్ మూతిల తల పెట్టి ప్లగ్గు కొట్టిన రోజులు నాకెరికె. ఈపు మీద మచ్చలు ఇప్పటికీ ఉన్నయ్.

ఉన్నది నిమిషాలే గనక, లోపలికి పోకముందు బయట ఉత్తుత్త గొట్టం మీద రోజుల తరబడి ఆ పనే చేసేటోళ్లంట. ఆ అలవాటు ఇంటి దాక వచ్చింది. ఒకసారి మా ఇంట్ల బీరువా ఒక అర్రకెల్లి ఇంకో అర్రకు మార్చాలె. ఆయన వాకిట్ల సుద్దముక్కతోని బీరువా కొలత గీసిండు, తలుపు గీసిండు. నలుగురు ముసలోళ్లను నాలుగు మూలలకు నిలబెట్టి, ఉత్త చేతులతోని నడిపిచ్చిండు. "బావా, భుజం దించు. బీరువా దర్వాజాకు తగిలింది." "యాడుందిరా బీరువా?" "నీ చేతుల్లోనే ఉంది, జర వంగు!" పక్కింటోళ్లు గోడెక్కి నవ్వుడు. నేను తిట్టుడు. గని బీరువా ఒక్క గీత పడకుండ పోయి కూసుంది. అది గూడ ఒప్పుకోవాలె.

మొన్న ఆషాఢంల, మిల్లు బందున్నప్పుడు, నేనే కోదాడ పోయిన. అటక మీది ముక్క తువ్వాలల పెట్టి ఆయన చేతికిచ్చిన. విప్పిండు. బొటనవేలి సొట్ట సూసిండు.

"ఇన్నేళ్ళూ కోపానికి ప్లగ్గులు కొట్టుకుంటూ వచ్చావా బావా?"

"పక్కకు పిలిచి చెప్పాల్సుండెరా."

"చెప్పాల్సింది" అన్నడు. గంతే. ఇరవై ఏండ్లకు గా ఒక్క మాట ఇచ్చిండు. అందుకే కోపం సగమే పోయింది అంటున్న.

మర్నాడు ఆ ముక్క మళ్ల నా తువ్వాలల్నే చుట్టుకొని, ఇద్దరం మిర్యాలగూడ బస్సెక్కినం. మా మిల్లు ఇప్పుడు చిన్న సేటు నడుపుతున్నడు, పాత సేటు కొడుకు. బాయిలర్ కాడ నేను పని నేర్పిన మనిషే ఉన్నడు, ఇద్దరు ఆడపిల్లల తండ్రి. పోయిన సీజన్ల రెండుసార్లు వేడి మీదనే లోపలికి దూరి ప్లగ్గు కొట్టిండు. చెయ్యి కాలింది. బామ్మర్ది చిన్న సుత్తితోని ఒక్కొక్క గొట్టం కొట్టి చెవి పెట్టి ఇన్నడు. మంచిది గంట లెక్క మోగుతది, చెడ్డది పగిలిన కుండ లెక్క. చెడ్డదాని మూతి చుట్టు సుద్దముక్కతోని సున్నా సుట్టిండు. ఇరవై మూడు సున్నాలు. ఈసారి చిన్న సేటును ముందల పెట్టుకోలే, నన్నే పక్కకు పిలిచి చెప్పిండు. "ఇంక నువ్వు చెప్పు బావా" అన్నడు.

చెప్పిన. "ఈ ఒక్క సీజన్ ఎల్లనియ్యి తాతా, తనిఖీకి ఇంక టైమున్నది" అన్నడు చిన్న సేటు.

బుధవారం కోదాడల పాడె లేవాలె. వాళ్ల ఇల్లు ఇరుకు గల్లీల. మలుపు కాడ కరెంటు స్తంభం. పాడె తిరుగుతదా తిరగదా అని అందరు పరేషాన్. మా ఇంటామె కండ్లు తుడుసుకొని అన్నది: "మా తమ్ముడే ఉంటే ముందుగాల ఉత్త చేతులతోని నడవమనేటోడు." నలుగురం ఒకల మొకాలు ఒకలం సూసుకున్నం. ఆయన్ని వాకిట్లనే ఉంచి, భుజాల మీద ఏం లేకుండ, ఉన్నట్టే చేతులు పట్టి మలుపు దాక నడిచినం. "భుజం దించు" అని ఎవలో అన్నరు. ఏడుస్తున్న ఆడోళ్లు నవ్విండ్రు. అటెన్క ఆయన్ని ఎత్తుకొని నడిచినం. స్తంభానికి పువ్వు గూడ తగల్లే.

చిన్న సేటూ, ఇగ ఇది నీకు. దసరా నాడు బాయిలర్‌కు పసుపు కుంకుమ పెట్టి మంట ముట్టిస్తవ్. అటెన్క అంతా వేడే, గీత వంకర పోతది. అందుకే చల్లగున్నప్పుడే అడుగుతున్న. ఆ ఇరవై మూడు మారుస్తవా, లేకుంటే నేను పని నేర్పిన మనిషిని మళ్ల లోపలికి దూరమంటవా? సద్దుల బతుకమ్మ నాడు పొద్దు గూకేలోపల జవాబు చెప్పాలె. చెప్పకపోతే దసరా పొద్దుగాల నీ కంటె ముందు నేను పొయ్యి కాడ ఉంట, ఆ గొట్టం ముక్క చేతుల పట్టుకొని. నిన్న బస్టాండు కాడికెల్లి మిల్లు గేటు దాక, ఉత్త చేతులతోని, ఒకసారి నడిచి సూసిన.